దీపస్తంభమును నాటిన దెవరు?

నాటకశాలలో రాముడు వనవాసమునకు బయలుదేరు ఘట్టము నడుచుచుండగా ప్రేక్షకుడు కన్నీరు పెట్టుకొనును. తెర దిగిన పిమ్మట అతడే లేచి, పైపంచె సవరించుకొని ఇంటిదారి పట్టును. రాముని వెదకుచు అడవికి పోడు. వేదికపై నున్నవాడు నటుడని అతనికి తెలియును. తెలిసియు ఏడ్చెను, ఏడ్చియు మోసపోలేదు. ఈ రెండును ఒకే మనస్సులో ఎట్లు ఇముడుచున్నవో మన ఆలంకారికులు వేయి సంవత్సరములకు పూర్వమే విచారించిరి.

అయితే వేదిక లేక, తెర లేక, వేషము లేక, ఒక మనుష్యుడు తన సొంత పేరు చెప్పుకొని, తన స్నేహితుని గురించి మాట్లాడుచు కథ నడిపినచో ప్రేక్షకుని స్థితి ఏమగును? అది కథ యని అతనికి చెప్పువా రెవరు? 2015 అక్టోబరు 1వ తేదీన వెలువడిన ‘ది బిగినర్స్ గైడ్’ అను చిన్న వీడియో ఆట ఈ ప్రశ్ననే మన ముందుంచినది. దాని నిడివి సుమారు గంటన్నర. అందు జయింపవలసిన శత్రువులు లేరు, గెలుపోటములు లేవు. అయినను ఆట ముగియు నప్పటికి ఆడినవారిలో కొందరు తాము దొంగసొత్తును కొంటిమేమో యని కలత చెందిరి. ఆ కలతకు కారణ మేమి? దానిని తీర్చుకొను మార్గ మేది? ఈ విషయము ఆటల ప్రియులకు మాత్రమే సంబంధించినది కాదు. ఇతరుల రచనలను చదివి వారి మనస్సును గురించి తీర్పు చెప్పు ప్రతివారికిని, ముఖ్యముగా ఉపాధ్యాయులకు, ఇది సంబంధించినదే.

పూర్వచరిత్ర

కల్పనకు వాస్తవపు వేషము వేయుట కొత్త విద్య కాదు. 1719లో లండనులో వెలువడిన ‘రాబిన్సన్ క్రూసో’ మొదటి ముద్రణలో డేనియల్ డెఫో పేరు కానరాదు. ఆ గ్రంథము క్రూసో స్వయముగా వ్రాసినదే యని ముఖపత్రము చెప్పెను. పీఠిక వ్రాసిన ‘సంపాదకుడు’ ఇది జరిగిన చరిత్రయే యని తాను నమ్ముచున్నట్లు ప్రకటించెను. అంతకు పదేండ్ల క్రిందట, 1709లో, నిర్జన ద్వీపమునుండి రక్షింపబడిన అలెగ్జాండర్ సెల్కర్క్ అను నావికుని వృత్తాంతము జనులకు తెలిసినదే గనుక ఈ మాట నమ్మశక్యముగా నుండెను.

1938 అక్టోబరు 30వ తేదీ రాత్రి అమెరికాలోని సి.బి.ఎస్. రేడియో సంస్థ ఆర్సన్ వెల్స్ నడిపిన నాటకమును ప్రసారము చేసెను. అంగారక గ్రహవాసులు భూమిపై దండెత్తినట్లు హెచ్.జి. వెల్స్ వ్రాసిన నవల దానికి మూలము. నాటకము అత్యవసర వార్తల రూపమున సాగినది. ఇది నాటకమని ఆరంభముననే చెప్పిరి. కాని మధ్యలో రేడియో తిప్పినవారు ఆ మాట వినలేదు. మరునాటి పత్రికలు దేశమంతట భయోత్పాతము చెలరేగెనని వ్రాసినవి. తరువాతి చరిత్రకారులు పరిశీలింపగా, భయపడినవా రున్నమాట నిజమే గాని పత్రికలు దానిని చాల పెంచి వ్రాసినవని తేలినది. ఇందొక చమత్కారము కలదు. కల్పనను నిజమని నమ్మిన జనులను గూర్చి పత్రికలు వ్రాసిన కథయే కొంతవరకు కల్పన. దానిని మాత్రము లోకము చాలకాలము నిజమని నమ్మినది.

కంప్యూటరు వచ్చిన పిమ్మట ఈ విద్య మరొక మెట్టెక్కినది. పుస్తకము మాట్లాడదు, రేడియో మన మాట వినదు. కంప్యూటరు మన చేష్టకు బదులు చెప్పును. అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ నిర్మించి 1966లో వివరించిన ‘ఎలైజా’ అను ప్రోగ్రాము ఇందుకు తొలి నిదర్శనములలో నొకటి. ఎదుటివాడు టైపు చేసిన వాక్యములో కొన్ని కీలకపదములను పట్టుకొని, ‘నా’ అను చోట ‘నీ’ అని మార్చి, ఆ వాక్యమునే ప్రశ్నగా తిప్పి పంపుట దాని పని. ‘మా నాయనకు నామీద కోపము’ అని వ్రాసిన, ‘మీ నాయనను గూర్చి ఇంకను చెప్పుడు’ అనునట్టి జవాబు వచ్చును. దానికి అర్థజ్ఞాన మేమియు లేదు. అయినను ఆ ప్రోగ్రాము తయారగుచుండగా నెలల తరబడి చూచిన తన కార్యదర్శినియే, దానితో సంభాషించుచు, తనను గదినుండి వెలుపలికి పొమ్మని కోరినదని వైజెన్‌బామ్ 1976లో ప్రకటించిన గ్రంథమున వ్రాసినాడు. అర్థమంతయు చదువరి మనస్సునుండియే వచ్చుచుండెను. యంత్రము అద్దమువలె దానిని తిప్పి చూపినది.

ఇదే కాలమున మరొక దిశనుండి వాస్తవము ఆటలో ప్రవేశించెను. విలియం క్రౌథర్ అను ప్రోగ్రాము రచయిత గుహలను అన్వేషించు వ్యసనము కలవాడు. 1972 సెప్టెంబరులో కెంటకీ రాష్ట్రమందలి ఫ్లింట్ రిడ్జి గుహలకును మామత్ గుహకును భూగర్భమున దారి కలదని కనుగొన్న దళములో అతని భార్య పెట్రీషియా ఒకరు. ఆ దంపతులు విడిపోయిన తరువాత, 1975-76 ప్రాంతమున, తన కుమార్తెలు ఆడుకొనుటకై క్రౌథర్ ఒక ఆటను వ్రాసినాడు. బొమ్మలు లేవు, అన్నియు మాటలే. ‘ఉత్తరమునకు పొమ్ము’, ‘దీపము తీసికొనుము’ అని ఆజ్ఞలు టైపు చేయుచు గుహలో తిరుగవలెను. 1977లో డాన్ వుడ్స్ దానిని పెంచినాడు. ‘కొలాసల్ కేవ్ అడ్వెంచర్’ అని పేరుగన్న ఆ ఆటలో మరుగుజ్జులు, మంత్రములు ఉన్నవి. కాని గుహ మాత్రము చాలవరకు నిజమైనదే. డెన్నిస్ జెర్జ్ అను పరిశోధకుడు క్రౌథర్ వ్రాసిన తొలి ప్రోగ్రామును సంపాదించి, అసలు గుహలోనికి దిగి పోల్చి చూచి, ఆ సంగతులను 2007లో ప్రకటించెను. కథలతో నడచు కంప్యూటరు ఆటలకు మూలపురుషుని వంటి ఈ ఆటలోనే, తండ్రి తిరిగిన గుహయు, పిల్లల కొరకు అల్లిన కల్పనయు కలిసిపోయి యున్నవన్నమాట.

సూత్రధారుని పాత్ర

‘బిగినర్స్ గైడ్’ కర్త డేవీ రెడెన్. ఇతడు 2011లో ‘స్టాన్లీ పారబుల్’ అను ఆటను ఉచితముగా విడుదల చేసినాడు. 2013లో విలియం ప్యూ అను సహచరునితో కలిసి దానినే మరల కొత్తగా నిర్మించి అమ్మకమునకు పెట్టగా చాల ప్రసిద్ధి వచ్చినది. అందు స్టాన్లీ ఒక కచేరీ ఉద్యోగి. ఒక కంఠస్వరము అతని కథను చెప్పుచుండును. ‘స్టాన్లీ ఎడమవైపు తలుపున ప్రవేశించెను’ అని స్వరము చెప్పును. ఆడువాడు కుడివైపు తలుపున పోవచ్చును. అప్పుడు కథకునకును ఆడువానికిని వివాదము పుట్టును. కథ చెప్పువాని మాటను వినవలెనా అను ప్రశ్న ఆ ఆటలో హాస్యముగా నడచినది. కీర్తి వచ్చిన తరువాత తన మనస్సు ఎంత క్రుంగినదో, ఇతరుల మెప్పుకోలుపై తానెంతగా ఆధారపడెనో రెడెన్ బహిరంగముగనే వ్రాసికొనెను. ‘బిగినర్స్ గైడ్’లో ఆ ప్రశ్న హాస్యమును వదలి గంభీరరూపము దాల్చినది.

మన సంస్కృత నాటకములలో ప్రస్తావన యందు సూత్రధారుడు వచ్చి, నేడు ఫలానా కవి రచించిన ఫలానా నాటకమును ప్రదర్శింతుమని చెప్పును. ఆ మాటతో ప్రేక్షకునికి హద్దు తెలియును: ఇంతవరకు లోకము, ఇక నాటకము. ‘బిగినర్స్ గైడ్’ ఆరంభమునను ఒక సూత్రధారు డున్నాడు. తన పేరు డేవీ రెడెన్ అనియు, ‘స్టాన్లీ పారబుల్’ వ్రాసినవాడను తానే యనియు చెప్పును. తన విద్యుల్లేఖల చిరునామా కూడ ఇచ్చి, అభిప్రాయములు పంపుమని కోరును. పేరు నిజము, స్వరము నిజము, పూర్వరచన నిజము. కాని ‘ఇది నాటకము’ అను ఆ ఒక్క మాట మాత్రము చెప్పడు. హద్దు చెరిపివేయుట యనగా ఇదియే. అబద్ధములు పోగుచేయుట కాదు. నిజములను వరుసగా చెప్పి, వాటి వెనుక కల్పనను నిలిపి, రెంటి నడుమ గీత గీయకుండుట.

కథాసారము

సూత్రధారుడు చెప్పున దిది. అతనికి కోడా అను స్నేహితుడు కలడు. కోడా 2008 మొదలు 2011 వరకు చిన్న చిన్న ఆటలు తయారుచేసి, ఎవరికిని చూపక, తన కంప్యూటరులోనే దాచుకొన్నాడు. ఆ పిమ్మట తయారుచేయుట మానివేసినాడు. ఆ ఆటలను వరుసగా మనకు చూపి, వాటి ద్వారా కోడా మనస్సును బోధపరచి, అతనికి ప్రోత్సాహము కలిగించవలెనని తన కోరిక యని డేవీ చెప్పును.

మొదటిది ఎడారిలోని పట్టణము. గాలిలో రంగుల పెట్టెలు తేలుచుండును; ఇవి చూడగా దీనిని నిర్మించిన మనుష్యు డొకడున్నాడని స్ఫురించునని డేవీ వ్యాఖ్యానించును. ఒక ఆటలో వెనుకకు మాత్రమే నడువవలెను. మరొకదానిలో మెట్లెక్కుకొలది నడక మందగించును. డేవీ జాలిపడి, వేగముగా పోవుటకు మీట ఇచ్చును. వేరొకదానిలో చెరగదిలో గంటసేపు ఊరక నిలువవలసి యున్నది. డేవీ ఆ గంటను దాటించును. కంటికి కనబడని గోడల చిట్టడవి వచ్చినప్పుడు దానిపై వంతెన వేయును. రానురాను చెరసాలలు అధికమగును. పలు ఆటల చివరను వీధి దీపస్తంభ మొకటి వెలుగుచుండును. అది కోడా కోరుకొన్న గమ్యమునకు చిహ్నమనియు, ఈ చెరసాలలు కోడా మనోవ్యాధికి లక్షణము లనియు డేవీ నిర్ధారణ చేయును. మన మంతవరకు అతని మాట నమ్మి తలయూపుచునే యుందుము.

చివరి ఆట ఒక గోపురము. అందలి ఆటంకములు మనుష్యమాత్రుడు దాటగలవి కావు. డేవీ సహాయముతో పైకి చేరగా, గోడలపై కోడా తన స్నేహితునికి వ్రాసిన మాటలు కనబడును. తన ఆటలను ఇతరులకు చూపుట మానుమని, తన ఆటలలో దీపస్తంభములను చేర్చుట మానుమని అతడు కోరినాడు.

కథకు కీలక మిక్కడ నున్నది. దీపస్తంభములు కోడా పెట్టినవి కావు, డేవీ పెట్టినవి. తాను నాటిన దీపమును తానే చూపి, ఇదిగో ఇతని హృదయరహస్యము అని మనకు చెప్పినాడు. సూత్రధారుని స్వరము తడబడును. అతడు తన దోషము నొప్పుకొని తప్పుకొనును. తరువాతి దృశ్యములలో ఆడువాడు వ్యాఖ్యానము లేక ఒంటరిగా నడచును. చివరకు అనంతమైన చిట్టడవిపై మెల్లగా పైకి తేలిపోవును.

యంత్రమేమి చెప్పును?

ఆట ముగించినవారికి సహజముగా కలుగు మొదటి ప్రశ్న: కోడా నిజముగా ఉన్నాడా? ఉన్నచో ఇవి అతని యనుమతి లేక అమ్మబడిన వస్తువులు. అట్టి వస్తువును ఆడుట తగునా యని కొందరు వాదించుకొనిరి. రెడెన్ తన ఆటకు తాను వ్యాఖ్యానము చేయక మౌనము వహించినాడు. కనుక సాక్ష్యమును ఆటలోనే వెదకవలెను.

ఇట్టి ఆటలలో స్థలములన్నియు సంఖ్యలే. పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడు కొలతలచే ఆడువాడున్న చోటు ప్రతిక్షణమును గణింపబడుచుండును. నిర్మాత కొన్నిచోట్ల కంటికి కనబడని పెట్టెల నుంచును. ఉదాహరణకు, పొడవు కొలత 100కును 200కును నడుమ, వెడల్పు కొలత 50కును 90కును నడుమ నున్నప్పుడు ఫలానా శబ్దము మ్రోగవలెనని ఆజ్ఞ వ్రాయును. ఆడువాడు ఆ హద్దులో అడుగిడిన వెంటనే శబ్దము మ్రోగును, తలుపు తెరచుకొనును, గోడ మాయమగును. ఎలుక మేతను ముట్టగనే బోను పడినట్లే. ‘బిగినర్స్ గైడ్’కు ఆధారమైన ‘సోర్స్’ అను నిర్మాణయంత్రాంగము వాల్వ్ సంస్థ 2004లో వెలువరించినది. దానిలోను పద్ధతి ఇదియే.

ఇప్పుడు డేవీ చేసిన ఉపకారములను ఆలోచింపుడు. చిట్టడవి యెదుట మనము నిలిచినప్పుడు ‘ఉండుడు, వంతెన వేసెదను’ అని అతని స్వరము వినబడును, వంతెన వచ్చును. మన ప్రక్కనే యుండి అప్పటికప్పుడు చేసినట్లు తోచును. కాని స్వరము ముందే ముద్రింపబడినది. వంతెన ముందే కట్టబడి దాచబడినది. మన అడుగే రెంటిని కదలించినది. అడ్డు ఎంత నిర్మితమో, అడ్డు తొలగుటయు అంతే నిర్మితము. కోడా గోడలును, డేవీ వంతెనలును ఒకే కర్మశాలలో, ఒకే ప్రణాళికలో పుట్టినవి. పైగా, ఆటను రెడెన్ సంస్థ బహిరంగముగా అమ్మినది. నిజముగా మరొకని సొత్తైనచో అది కాపీహక్కుల వ్యాజ్యమునకు గురియగునట్టి సాహసము. దొంగతనమును ఒప్పుకొను భాషణమునే సరకుగా చేసి, దొంగ తన పేరుతో అమ్మునా? ఈ కారణములచే కోడాను కల్పిత పాత్రగా, కథలోని డేవీని కూడ పాత్రగా గ్రహించుటయే యుక్తము. పేరు ఒకటైనంత మాత్రమున పాత్రయు కర్తయు ఒకరు కారు.

అయితే ఇంతతో ప్రశ్న తీరినదా? కోడా లేడని తేలినంతనే మనకు కలిగిన సిగ్గు పోవలెను గదా! పోదు. ఏలయన, గంటన్నరసేపు డేవీతో పాటు మనమును తలయూపితిమి. ఒక మనుష్యుని చేతిపనులను చూచి అతడు రోగియని అంగీకరించితిమి. కోడా లేకపోయినను మన తీర్పు జరిగినది. ఆ తీర్పు కల్పితము కాదు.

శుక్రగ్రహముపై గీతలు

తాను చేర్చినదానినే కనుగొన్నట్లు భ్రమించుట కథలకే పరిమితము కాదు. విజ్ఞానశాస్త్ర చరిత్రలోను కలదు. అంగారకునిపై కాలువ లున్నవని వాదించి ప్రసిద్ధికెక్కిన అమెరికను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు పెర్సివల్ లొవెల్, 1896లో ఫ్లాగ్‌స్టాఫ్ వేధశాలలో 24 అంగుళముల దూరదర్శినిని శుక్రునివైపు త్రిప్పినాడు. బండిచక్రపు ఆకులవలె ఒక కేంద్రమునుండి వ్యాపించు గీతలు అతనికి కనబడినవి. వాటిని శ్రద్ధతో పటములుగా గీసెను. ఇతర పరిశీలకులకు అవి కనబడలేదు. కనబడుట కవకాశమును లేదు. శుక్రగ్రహమును దట్టమైన మేఘములు కప్పియున్నవి, కంటికి తెలియు వెలుగులో దాని నేల కానరాదు.

మరి లొవెల్ చూచిన దేమి? శుక్రుని కాంతి మిక్కుటమగుటచే అతడు దూరదర్శిని ముఖమును దాదాపు 3 అంగుళములకు, ఒక్కొక్కప్పు డంతకంటెను తక్కువకు, మూసి చూచెడివాడు. అంత సన్నని కాంతిపుంజము కంటిలో ప్రవేశించినప్పుడు, కంటి వెనుకతెరపై నున్న రక్తనాళముల నీడలు చూచువానికే కనబడగలవు. కంటివైద్యుడు రోగి కంటిలోనికి చూచు సాధనము వలె దూరదర్శిని తలక్రిందులుగా పనిచేసినదని తరువాతి ఖగోళ చరిత్రకారులు సూచించిరి. ఆ వివరణ ప్రకారము, లొవెల్ కోట్ల మైళ్ల దూరమున నున్న గ్రహముయొక్క పటము గీయుచున్నానని తలచి తన కంటి పటమునే గీసినాడు. ఆ గీతల నాధారముగా శుక్రుడు సూర్యుని చుట్టివచ్చు 225 దినములలోనే తనచుట్టు తాను తిరుగునని కూడ ప్రకటించెను. 1960 తరువాత రాడారు తరంగములతో కొలువగా ఆ భ్రమణకాలము 243 దినములనియు, అదియు విపరీతదిశలో ననియు తేలినది.

లొవెల్ మోసగాడు కాడు, శ్రద్ధాళువు. డేవీ పాత్రయు దుష్టుడు కాడు. స్నేహితునికి మేలు చేయదలచినవాడే. ఇద్దరి దోషమును ఒకటే. పరిశీలకుడు తాను చేర్చినదానిని లెక్కలోనుండి తీసివేయక, దానినే సాక్ష్యముగా చూపినాడు. ప్రయోగశాలలో దీనికి మందు కలదు: మరొకరు చూడవలెను, మరొక పరికరముతో చూడవలెను, చూచువాని చేతిని మార్చి చూడవలెను. పుస్తకమునకు, చిత్రమునకు, ఆటకు అట్టి మందేమి?

చిత్రమందలి గుఱ్ఱము

తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమునందున్న శంకుకుడు అను ఆలంకారికుడు ఒక ఉపమానము చెప్పినాడు. దానిని అభినవగుప్తుడును, తరువాత మమ్మటుడును మనకు అందించిరి. నటుని చూచి ‘ఇతడు రాముడు’ అని ప్రేక్షకుడు తలచు తలపు ఎట్టిది? ఇతడు రాముడే యను నిశ్చయజ్ఞానము కాదు. ముందు రాముడని నమ్మి, పిదప కాదని తెలిసికొను భ్రమ కాదు. రాముడో కాదో యను సంశయము కాదు. రామునివలె నున్నాడను సాదృశ్యజ్ఞానమును కాదు. పటములోని గుఱ్ఱమును చూచి ‘ఇది గుఱ్ఱము’ అందుమే, అట్టిది. దీనికే చిత్రతురగ న్యాయమని పేరు. శంకుకుని సిద్ధాంతమును అభినవగుప్తుడు ఖండించి వేరుమార్గమున రసమును నిరూపించినను, ఈ ఉపమానము మాత్రము నిలిచిపోయినది.

ఈ నాలుగు జ్ఞానములతో ‘బిగినర్స్ గైడ్’ను కొలిచి చూచినచో దాని పనితన మేమిటో తెలియును. మొదట ఆడువానికి నిశ్చయజ్ఞానము: ఇతడు డేవీ రెడెనే, కోడా ఉన్నాడు. గోపురము చేరగా సంశయము: ఉన్నాడా, లేడా? ఆట ముగిసి ఆలోచింపగా భ్రమయని తెలియుట: ఇదంతయు అల్లిక. ఇట్లు, నాటకము దాటి పోవలసిన మూడు మెట్లపైనను ఈ ఆట మనలను కొంతసేపు నిలుపును. అటుపిమ్మటనే ‘పటములోని గుఱ్ఱము’ అను చివరి తెలివికి చేర్చును. ఆ తెలివితో రెండవమారు ఆడినవాడు కోడా ఉన్నాడా యని అడుగడు. ఈ స్వరము తన స్నేహితుని ఎందుకింత పట్టుదలతో వివరింపజూచుచున్నది, ఆ వివరణ ఎవరి కొరకు, అని అడుగును. ప్రశ్న మారినది. వ్యాఖ్యానము ప్రారంభమైన దక్కడనే.

పాశ్చాత్య విమర్శకులును ఇరువదవ శతాబ్దమున ఈ సమస్యను వేరుదారిన తాకిరి. కర్త అభిప్రాయ మేమో తెలిసికొని దానితో కావ్యమును కొలుచుట పొరపాటని విమ్‌సాట్, బియర్డ్‌స్లీ అను అమెరికనులు 1946లో వాదించిరి. 1967లో ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ మరి యొక అడుగు వేసి, రచయిత మరణించినగాని పాఠకుడు పుట్టడని ప్రకటించెను. ఈ వాదములు పాఠకునికి స్వాతంత్ర్యము నిచ్చినవి. ‘బిగినర్స్ గైడ్’ ఆ స్వాతంత్ర్యమునకు వెల యెంతో చూపును. రచయితను తొలగించి అర్థము చెప్పుకొనవచ్చును. కాని అట్లు చెప్పుకొన్న అర్థమును తిరిగి తెచ్చి ఆ రచయిత నుదుటిపై అంటించరాదు. కోడా కోపము దీనిపైననే. తన ఆటలకు డేవీ అర్థము చెప్పినందుకు కాదు. ఆ అర్థమే నీవని లోకమునకు చెప్పినందుకు, చెప్పుటకు వీలుగా సాక్ష్యమును దిద్దినందుకు.

తరగతి గదిలో

ఈ దిద్దుబాటు ప్రతి పాఠశాలలోను జరుగగలదు. ఒక విద్యార్థి వ్యాసములో వరుసగా మూడుమార్లు చీకటిగదిని వర్ణించినా డనుకొందము. చదివిన ఉపాధ్యాయుడు, వీని యింట ఏదో కష్టమున్నదని తలచును. తలచుటలో తప్పులేదు, ఆ జాగ్రత్త ఉపాధ్యాయునికి భూషణమే. కాని మరుసటి వ్యాసమునకు ‘నా దుఃఖము’ అను అంశము తానే ఇచ్చి, వచ్చిన దుఃఖమును చూచి, ‘నేను చెప్పలేదా!’ అని ఉపాధ్యాయుల గదిలో పదిమందికి వినిపించినచో, దీపస్తంభము నాటినట్లే. పిల్లవాడు చీకటిగదిని వర్ణించుటకు మొన్న చదివిన అపరాధపరిశోధక నవల కారణము కావచ్చును. చీకటిని వర్ణించుట అతనికి చేతనైన పని కావచ్చును. కష్టమే కారణము కూడ కావచ్చును. ఏది నిజమో తెలిసికొను మార్గము వ్యాసములో లేదు. పిల్లవానిని పిలిచి, ఒంటరిగా, మెల్లగా అడుగుటలో నున్నది. డేవీ కథ అంతటిలోను చేయని పని ఇదియే. అన్ని ఆటలను పరీక్షించెను గాని, కోడా మాటను అతడు వినలేదు.

కనుక ఎట్టి రచననైనను వ్యాఖ్యానించునప్పుడు మూడు పట్టికలు వేరువేరుగా వ్రాసికొనుట మేలు. మొదటిది, రచనలో కంటికి కనబడుచున్నది. రెండవది, దానిని మనకు చూపువాడు చేర్చినది. మూడవది, చదువుచు మనము చేర్చుకొన్నది. ఈ మూడును కలిసిపోవుట సహజము. కలిసిపోనిదే రసము పుట్టదు. అయితే తీర్పు చెప్పునప్పుడు మాత్రము వేరుచేసి చూడవలెను. పై తరగతుల విద్యార్థులచే ఒక కథానికనో, ఒక వార్తనో, ఒక ప్రకటననో తీసికొని ఈ మూడు పట్టికలు వ్రాయించవచ్చును. రెండవ పట్టిక అన్నిటికంటె చిన్నదిగా నుండునని వారు మొదట తలచెదరు. వ్రాయగా వ్రాయగా అది పెరుగును.

నేడు చిత్రములు, స్వరములు, మాటలు యంత్రములే అల్లుచున్నవి. నిజమైన పేరుతో, నిజమైన కంఠముతో కల్పనను నడుపుట 2015లో ఒక కళాకారుని నేర్పు; ఇప్పుడది ఎవరికైనను సాధ్యమగుచున్నది. అద్దెకు దొరకు సూత్రధారులు పెరిగినకొలది, ‘ఇది నిజమా?’ అను ప్రశ్నతో పాటు ‘దీనిలో చూపువాడు చేర్చిన దెంత?’ అను ప్రశ్నకు విలువ పెరుగుచున్నది. మొదటి ప్రశ్నకు ఒక్కొక్కప్పుడు సమాధానము దొరకదు. రెండవదానికి ఓపికగా వెదకిన తరచుగా దొరకును. వీధి చివర వెలుగుచున్న దీపమును చూచి ముచ్చటపడుటకు ముందు, దాని మొదట మట్టి కొత్తగా త్రవ్వినదేమో ఒకమారు వంగి చూచిన చాలును.